ఎప్పుడూ కలవని మనిషి పోతే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చిన్నప్పటి నుంచి గుండెల్లో పెట్టుకున్న నటుడు పోయి తొమ్మిది రోజులైందని, పనిలో కూర్చుంటే చూపు అక్షరాల మీద నిలవడం లేదని, కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడుస్తున్నారని రాశారు. ఇంట్లో "నీకేమవుతాడని ఇంత ఏడుపు?" అన్నారట. ఆయన వీరుడిగా కనిపించిన సినిమాలు మళ్లీ చూడగలనా, మా ఆరేళ్ల బాబుకి ఈ సంగతి ఎలా చెప్పను, అసలు నాకేమైనా అయిందా అని అడిగారు. మధ్యలో ఒకే ఒక్క వాక్యం, "నాకు ఎనిమిదేళ్లప్పుడు నాన్న పోయారు, ఆ ఏడాదే ఆ సినిమా మొదటిసారి చూశాను" అని రాసి, వెంటనే ఇంకో విషయంలోకి వెళ్లిపోయారు. నటుడి పేరు రాయలేదు. నేనూ అడగను.

అయినవాళ్లని పోగొట్టుకున్న మనుషులతో మాట్లాడే కౌన్సెలింగ్ పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. అన్నిటికంటే ముందు మీ చివరి ప్రశ్నకి జవాబు చెప్తాను. మీకేమీ కాలేదు. మీది నిజమైన దుఃఖం. "నీకేమవుతాడు" అంటే చెప్పడానికి చుట్టరికం పేరు దొరకనంత మాత్రాన ఆయన మీకు ఏమీ కానట్టు కాదు.

అమెరికాలో టీవీ ఇంటింటికీ చేరుతున్న రోజుల్లో, 1956లో, డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సంగతి గమనించారు. తెర మీది మనిషి రోజూ కనిపిస్తూ, మనతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడుతుంటే, చూసేవాళ్లకి ఎదురుగా కూర్చున్న స్నేహితుడి మీద కలిగేలాంటి చనువు కలుగుతుందని. దానికి పారాసోషల్ అని పేరు పెట్టారు. ఒకవైపు నుంచే నడిచే బంధం అది. ఆయనకి మీరెవరో తెలియదు, నిజమే. కానీ ఎనిమిదేళ్ల పిల్లవాడు భయపడిన రాత్రి ఎవరి ముఖం తలుచుకుని నిద్రపోయాడో, పరీక్ష హాల్లోకి అడుగుపెట్టే ముందు ఎవరిలా నడవాలని చూశాడో, ఆ ముఖం పిల్లవాడి జీవితంలో పని చేసింది. పాతికేళ్లు పని చేసింది. ఇవాళ అది పోయిందంటే ఒళ్లు ఒప్పుకోకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

మీ బాధని రెట్టింపు చేస్తున్నది ఇంకొకటి ఉంది. కెనెత్ డోకా అనే అమెరికన్ పండితుడు 1989లో ఒక రకం దుఃఖం గురించి వివరంగా రాశారు. మన మాటల్లో చెప్పాలంటే, ఏడ్చే హక్కు దక్కని దుఃఖం. పోయినవాళ్లతో మీకున్న బంధాన్ని లోకం బంధంగా లెక్కపెట్టదు కాబట్టి, మీకు సెలవు ఇవ్వరు, పలకరింపుకి రారు, "తిన్నావా" అని అడగరు. ఇంట్లో మనిషి పోతే నలుగురూ చేరి ఆ మనిషి కబుర్లే చెప్పుకుంటారు. చెప్పగా చెప్పగా బరువు కాస్త దిగుతుంది. మీకు ఆ నలుగురూ లేరు. ఏడుపుకి తోడు సిగ్గు కూడా మోస్తున్నారు. కుళాయి తిప్పడం ఆ సిగ్గు వల్లే.

నేనూ తిప్పాను. చెప్తాను.

చిన్నప్పుడు నాకు నత్తి. క్లాసులో హాజరు పిలిచేటప్పుడు "ప్రెజెంట్" అనే మాట గొంతులో ఇరుక్కుపోయేది. నా నంబరు దగ్గర పడుతున్నకొద్దీ అరచేతులు తడిసిపోయేవి. పదేళ్లప్పుడు వీడియో క్యాసెట్‌లో సూపర్‌మ్యాన్ చూశాను, 1978లో వచ్చిన, క్రిస్టొఫర్ రీవ్ నటించిన సినిమా. అందరికీ గుర్తుండేది ఆకాశంలో ఎగరడం. నాకు గుర్తుండిపోయింది ఒక గదిలో జరిగే చిన్న ముక్క. సూపర్‌మ్యాన్ మామూలు మనిషిగా తిరిగే వేషం క్లార్క్ కెంట్. ఆ వేషంలో, తను ప్రేమించే తోటి విలేకరి లోయిస్ ఇంటికి వస్తాడు. వంగిన వీపు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, తడబడే మాట. ఆమె పక్క గదిలోకి వెళ్తుంది. అతను కళ్లద్దాలు తీస్తాడు. వెన్ను నిటారుగా అవుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, మనిషే రెండంగుళాలు పెరిగినట్టు ఉంటాడు. "లోయిస్" అని పిలిచినప్పుడు ఆ గొంతు వేరు. నిజం చెప్పేయబోతాడు. అంతలో ధైర్యం చాలక మళ్లీ అద్దాలు పెట్టుకుంటాడు, మళ్లీ కుంచించుకుపోతాడు, మాట మళ్లీ తడబడుతుంది. తీగలు లేవు, మాయలు లేవు. ఒక నటుడు, అతని వెన్నెముక, అతని గొంతు, అంతే.

తడబడేవాడూ ఆ నిలబడ్డవాడూ ఒకడే అని పదేళ్ల నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు, నేనే చూశాను. ఆ క్యాసెట్ అక్కడే వెనక్కి తిప్పి తిప్పి చూసేవాణ్ణి.

2004 అక్టోబరు 10న రీవ్ పోయారు. యాభై రెండేళ్లు. నేను ఈ పనిలో చేరిన కొత్త. పగలంతా బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులతో మాట్లాడే వాణ్ణి, ఒక సినిమా నటుడి కోసం ఏడుస్తున్నానని ఎవరితో చెప్పను? వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. చివరికి మా దగ్గర పెద్దావిడ, నాకు పని నేర్పినావిడ, నా ముఖం చూసి ఏమైందని అడిగారు. చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "అయ్యో" అనలేదు. "ఏ సీను?" అని అడిగారు.

నత్తి సంగతి, ఆ గది సంగతి అంతా చెప్పేసరికి అరగంట పట్టింది. అప్పుడు వచ్చిన ఏడుపు వేరు. వారం నుంచి వస్తున్నది గుక్కపెట్టే ఏడుపు, ఎందుకో తెలియని ఏడుపు. ఇది మాత్రం దేనికోసమో తెలిసిన ఏడుపు. ఆ తర్వాత నిద్రపట్టింది.

అప్పటి నుంచి, నటుల కోసం గాయకుల కోసం ఆటగాళ్ల కోసం ఏడుస్తూ నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆ ప్రశ్నే అడుగుతున్నాను. అందరికీ ఒక సీను ఉంటుంది. నేను ఊహించినది దాదాపు ఎప్పుడూ కాదు. పోరాటాలు, పెద్ద డైలాగులు చాలా అరుదు. ఒకామె చెప్పింది, యుద్ధానికి వెళ్లే ముందు వీరుడు నిద్రపోతున్న పిల్ల లేవకుండా తలుపు మెల్లగా దగ్గరికి వేస్తాడట, ఆ తలుపు. ఆమె ఇంట్లో తలుపులు ఎప్పుడూ దభాలున మూసుకునేవి. అంతకుమించి ఆమె చెప్పలేదు, నాకు అక్కర్లేదు కూడా.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఇది. మీ సీను ఏదో కాగితం మీద రాయండి. కథ వద్దు. ఏ గది, వెలుతురు ఎటు నుంచి, ఆయన చెయ్యి ఎక్కడ ఉంది, ఏం మాట అన్నారు, అది చూస్తున్నప్పుడు మీరు ఎక్కడ కూర్చున్నారు, పక్కన ఎవరున్నారు. ఆ చివరి రెండూ మరిచిపోకండి.

ఇప్పుడు మీ నాన్నగారి గురించి మీరు దాటేసిన వాక్యం దగ్గరికి వస్తాను.

ఇలాంటి ఉత్తరం చూడగానే మా వృత్తిలో కొందరు తడుముకోకుండా చెప్పేస్తారు, "నువ్వు ఏడుస్తున్నది నటుడి కోసం కాదు, మీ నాన్న కోసం" అని. కొత్తలో నేనూ ఒకరితో అలాగే అన్నాను. ఆయన లేచి వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. ఆయనది న్యాయమైన కోపం. ఇరవై ఏళ్లు తనని నిలబెట్టిన మనిషిని నేను ఒక్క మాటతో కొట్టిపారేశాను. మీ విషయంలో ఆ తప్పు చేయను. ఒక మరణం అంతకుముందు మరణాన్ని కదిలిస్తుంది, అది మాత్రం నిజం. ఎనిమిదేళ్లకి పూర్తిగా ఏడవలేనిది ముప్పైల్లో ఇంకో తలుపు గుండా వస్తుంది. రెండూ కలిసి వచ్చాయి కాబట్టి ఇంత బరువు. కానీ ఆ నటుడు మీ నాన్నగారి ఫొటోకి చట్రం కాదు. ఆ ఏడాది ఇంట్లో పెద్దవాళ్లంతా తమ దుఃఖంలో తాము మునిగి ఉన్నప్పుడు, మీకు తలెత్తి ఎలా నిలబడాలో చూపించిన మనిషి. ఇద్దరి కోసమూ ఏడవండి. విడదీయాల్సిన అవసరం లేదు, దేని వాటా ఎంతో లెక్కకట్టాల్సిన పనీ లేదు.

ఇంకో మాట మీరు రాశారు, "పాత్రని ప్రేమించానా మనిషిని ప్రేమించానా తెలియడం లేదు" అని. ఇది తేలనవసరం లేని ప్రశ్న. 1968లో, తెల్ల తండ్రికీ నల్ల తల్లికీ పుట్టి ఎటూ కలవలేక నలిగిపోతున్న ఒక అమ్మాయి, స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ సీరియల్‌లోని స్పాక్ అనే పాత్రకి ఒక పత్రిక ద్వారా ఉత్తరం రాసింది. స్పాక్ కూడా రెండు జాతుల బిడ్డే కదా, నా బాధ నీకు తెలుస్తుందని. ఆ పాత్ర వేసిన లియొనార్డ్ నిమోయ్ దానికి ఓపిగ్గా, వివరంగా జవాబు రాశారు. ఉత్తరం వెళ్లింది పాత్రకి, జవాబు వచ్చింది నటుడి నుంచి. ఆ అమ్మాయికి అందాల్సింది అందింది.

పాత్ర కాగితం మీద పుడుతుంది, సరే. దానికి ఒళ్లు ఇచ్చేది నటుడు. రీవ్‌ని ఆ వేషానికి తీసుకున్నప్పుడు సన్నగా ఉండేవారు. దుస్తుల కింద కండల్లా కనిపించే తొడుగు వేసుకోమంటే వద్దని, నెలల తరబడి బరువులెత్తి ఒళ్లు పెంచారు. ఆ పాత్ర వేసినవాడు బయట ఎలా ఉండాలో కూడా ఆలోచించారనిపిస్తుంది నాకు. చిలీలో పినోచెట్ సైనిక పాలన సాగుతున్నప్పుడు 77 మంది రంగస్థల కళాకారులకి, దేశం వదిలిపోకపోతే చంపుతామని బెదిరింపులు వచ్చాయి. 1987 చివర్లో రీవ్ శాంటియాగో వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డారు. అక్కడ ఆయనకి రక్షణగా సూపర్‌మ్యాన్ కేపూ లేదు.

1995 మే 27న గుర్రపు పోటీలో, దూకాల్సిన కంచె ముందు గుర్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆయన తలకిందులుగా పడ్డారు. మెడలో మొదటి రెండు పూసలు దెబ్బతిన్నాయి. మెడ కింద కదలిక పోయింది, ఊపిరి యంత్రం మీద. స్పృహ వచ్చిన తొలి రోజుల్లో, నన్ను వెళ్లిపోనివ్వడమే మంచిదేమో అని భార్య డేనాతో అన్నారు. ఆమె, నువ్వు ఇప్పటికీ నువ్వే, నిన్ను ప్రేమిస్తున్నాను అన్నారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికారు. చక్రాల కుర్చీలోంచి సినిమాకి దర్శకత్వం చేశారు, వెన్నుపాము గాయాల పరిశోధన కోసం నిధులు కూడగట్టారు, అమెరికా సెనేట్ కమిటీ ముందు మాట్లాడారు. ప్రమాదం జరిగిన ఐదేళ్లకి చూపుడు వేలు కదిలింది. ఒక్క వేలు. ఒకప్పుడు వీరుడంటే వెనకాముందు చూడకుండా సాహసం చేసేవాడు అనుకునేవాణ్ణని, ఇప్పుడైతే మోయలేని కష్టం మీద పడ్డా ఓర్చుకుని ముందుకు సాగే మామూలు మనిషే వీరుడు అంటానని ఆయనే రాసుకున్నారు. వెన్నెముక నిటారు చేసి నాకు ధైర్యం నేర్పిన మనిషి, ఆ వెన్నెముక మాట వినని రోజుల్లో కూడా అదే నేర్పారు. పాత్రా మనిషా అని నేను అడగడం మానేశాను.

మీ నటుడి గురించి ఈ తొమ్మిది రోజుల్లో కొత్త సంగతులు బయటికొస్తూ ఉండొచ్చు. జబ్బు దాచుకున్నారనో, ఒంటరిగా ఉన్నారనో. హాలీవుడ్ నటుడు చాడ్విక్ బోస్‌మన్ 2020 ఆగస్టు 28న నలభై మూడేళ్లకి పోయినప్పుడే లోకానికి తెలిసింది, 2016 నుంచి ఆయనకి పెద్దపేగు క్యాన్సర్ అని. బ్లాక్ పాంథర్‌గా జనం చప్పట్లు కొట్టిన ఆ ఏళ్లలోనే ఆపరేషన్లు, కీమోథెరపీ నడిచాయి. క్యాన్సర్‌తో ఉండి కూడా తన సినిమా కోసం ఎదురుచూసి, చూడకుండానే పోయిన ఇద్దరు పిల్లల గురించి చెప్తూ 2018లో ఒక ముఖాముఖిలో ఆయన మాట పెగలక ఏడ్చారు. తాను కూడా అదే జబ్బుతో పోరాడుతున్నానని అప్పుడు ఒక్క మాట అనలేదు. ఆయన పోయాక చాలామంది అభిమానులు నాతో అన్నది ఒకటే, "ఆయన బాధలో ఉంటే మేం సంబరపడ్డాం" అని. ఆ తప్పు మీ మీద వేసుకోకండి. దాచుకోవడం ఆయన నిర్ణయం. మీకు ఆనందం ఇవ్వడం కూడా ఆయన నిర్ణయమే.

ఒకవేళ బయటికొచ్చేవి మనసు విరిచే సంగతులైతే? అదీ జరుగుతుంది. అప్పుడు మీరు పొందినది వెనక్కి ఇచ్చేయనక్కర్లేదు, ఆయన చేసిన తప్పుని వెనకేసుకు రానూ అక్కర్లేదు. దీని మీద ఇంకా రాయగలను గానీ మీరు అడగలేదు.

ఇక రోజులు ఎలా గడపాలన్నది. దుఃఖం "ఐదు దశలు"గా నడుస్తుందని ఎవరో మీకు చెప్పారట, నేను ఏ దశలో ఉన్నాను అని అడిగారు. ఆ లెక్క పక్కన పెట్టండి. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ దశల గురించి రాసినప్పుడు మాట్లాడింది చావుకి దగ్గరైన రోగులతో. వెనక మిగిలినవాళ్లకి అది మెట్ల వరసగా ఎప్పుడూ సరిపోలేదు. నాకు పనికొచ్చింది మార్గరెట్ స్ట్రోబ, హెంక్ స్ఖుట్ 1999లో చెప్పిన మాట. దుఃఖంలో ఉన్న మనిషి ఊయలలా అటూ ఇటూ ఊగుతాడు, కాసేపు పోయినదాని వైపు, కాసేపు మిగిలిన బతుకు వైపు. పొద్దున ఏడ్చి, మధ్యాహ్నం బాబుతో ఆడుకుని నవ్వితే, ఆ నవ్వు ద్రోహం కాదు. ఊయల ఇటు వచ్చిందంతే.

ఫోన్ మాత్రం తగ్గించండి. ఒక్కసారి ఆయన వీడియో చూస్తే ఇక వరసగా అవే వస్తాయి, ఆస్పత్రి గేటు, అంబులెన్స్, కుటుంబం ఏడుపు. అవి మీ జ్ఞాపకాలు కావు. రాత్రి రెండింటికి వాటిని చూస్తూ కూర్చుంటే, పాతికేళ్లుగా మీ లోపల ఉన్న ముఖం మీద ఈ వారం ముఖం వచ్చి అతుక్కుంటుంది. రోజుకి ఒక వేళ పెట్టుకోండి, అరగంట, కుర్చీలో కూర్చుని, పగటి పూట. పక్క మీద వద్దు.

సినిమాలు ఇప్పుడే చూడకండి. చూడాలనిపించినప్పుడు మొదటి నుంచి చివరి దాకా పెట్టుకోకుండా, మీ సీను దగ్గరికే నేరుగా వెళ్లండి. మీ ఏడుపు చూసి తలతిప్పుకోని మనిషి ఒకరు పక్కనుంటే మేలు. నాకు ఏడాది పట్టింది.

బాబుకి సూటిగా చెప్పండి. "నిద్రపోయారు", "దూరం వెళ్లారు" అనొద్దు, పిల్లలు రాత్రి నిద్రకి భయపడతారు, తిరిగి వస్తారని ఎదురుచూస్తారు. చనిపోవడం అంటే ఇక తిరిగి రావడం ఉండదని పిల్లలకి నెమ్మదిగా అర్థమయ్యే వయసు ఇది, ఐదు నుంచి ఏడేళ్ల మధ్య. "సినిమాలో ఆ వేషం వేసిన మనిషి చనిపోయారు. ఆయన ఒళ్లు పని చేయడం ఆగిపోయింది. నాకు చాలా ఇష్టం ఆయనంటే, అందుకే ఏడుపు వస్తోంది. సినిమా అలాగే ఉంటుంది, మనం చూడొచ్చు." ఇంత చాలు. రేపు అదే ప్రశ్న మళ్లీ అడుగుతాడు. మళ్లీ అదే జవాబు చెప్పండి, మాటలు మార్చకుండా. మీ నాన్నగారి గురించి అడిగినా అడగొచ్చు. అడిగితే దాటేయకండి.

ఎప్పుడు సాయం తీసుకోవాలో కూడా చెప్పాలి. తొమ్మిది రోజులకి ఇలా ఉండటం సహజం. సన్నిహితుల మరణం తర్వాత ఆరు నెలలు దాటినా రోజూ ఇదే తీవ్రతతో ఉండి బతుకు సాగకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దాన్ని చికిత్స కావాల్సిన స్థితిగా చూస్తుంది, అమెరికా మానసిక వైద్యుల సంఘం పెద్దలకి ఏడాది గడువు పెట్టింది. అంతదాకా ఆగాలని దీని అర్థం కాదు. తిండి, నిద్ర వారాల తరబడి సరిగా లేకపోయినా, ముప్పైల్లో ఉండి నాన్న వయసుకి చేరుతున్నానన్న భయం పట్టుకున్నా, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. ఆయన లేని లోకంలో నేనెందుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ రోజే డాక్టరుతోనో మీ ప్రాంతంలోని హెల్ప్‌లైన్‌తోనో మాట్లాడండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

ఇంట్లోవాళ్ల మాట. "నీకేమవుతాడు" అన్నప్పుడు వాదించకండి. రాసిన ఆ కాగితం చదివి వినిపించండి, సీనూ, మీరు కూర్చున్న చోటూ, పక్కన ఎవరున్నారో, ఎవరు లేరో. మీ అమ్మగారు ఉంటే ముందు ఆవిడకే. ఆ ఏడాది గురించి ఆవిడ దగ్గర కూడా చెప్పని మాటలు ఉండి ఉంటాయి.

ఏడాది తర్వాత నేను ఆ గది సీను పెట్టుకుని చూశాను. చిన్నప్పుడు అంతా కళ్లద్దాల్లో ఉందనుకునేవాణ్ణి. ఆపి ఆపి చూస్తే ఆయన ముందు ఊపిరి తీసుకుంటారు, ఆ తర్వాతే భుజాలు లేస్తాయి. ఇప్పటికీ నలుగురి ముందు మాట్లాడాల్సి వస్తే నాకు మొదటి అక్షరం దగ్గర భయం వేస్తుంది. ముందు ఊపిరి తీసుకుంటాను.

మీ సీను ఏదో రాయగలిగినప్పుడు ఇక్కడే రాయండి. ఎన్ని రోజుల తర్వాతైనా సరే, చదువుతాను.